బందిఖానా పాట, నవమి పందిరి

స్పెయిను దేశంలోని గ్రనడా నగరంలో అల్‌హంబ్రా అనే ప్రాచీన రాజప్రాసాదం ఉన్నది. 1952లో మొదలైన సంగీత నృత్యోత్సవం వేసవి వచ్చిందంటే అక్కడ కళకళలాడుతుంది. ఆ ఆవరణలోనే అయిదవ చార్లెస్ చక్రవర్తి కట్టించిన సౌధమొకటి ఉన్నది. దాని నడిమి ముంగిలి గుండ్రనిది. చుట్టూ స్తంభాల వరుసలు, పైన ఆకాశం. వాద్యబృందం అక్కడ కూర్చుండి వాయిస్తే శ్రోతలు నక్షత్రాల క్రింద వింటారు. రాజులు పోయినా రాళ్లు మిగిలాయి. ఆ రాళ్లకు ఏటేటా పాట ప్రాణం పోస్తున్నది.

తెలుగునాట ఇందుకు సాటి ఏది అని విద్యార్థి అడిగితే ఉపాధ్యాయునికి ముందుగా గోలకొండ స్ఫురించాలి. అయితే ఇక్కడి కథ వేరు. ప్రాసాదం శిథిలమైంది. దాని చెరసాలలో పుట్టిందని లోకం నమ్మే పాట మాత్రం గోదావరి ఒడ్డున, చైత్రమాసపు ఎండలో, నేటికీ పందిళ్లు వేయించుకొంటున్నది.

ఆ పాట కంచెర్ల గోపన్నది. ఖమ్మం సీమలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థలం. కుతుబ్‌షాహీ వంశంలో కడపటివాడైన అబుల్ హసన్ తానాషా ఏలుబడిలో, అక్కన్న మాదన్నలు అధికారంలో ఉన్న కాలంలో, ఆయన పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా ఉన్నాడు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రగిరిపై రామాలయం కట్టించాడనీ, అందుకు గోలకొండలో పన్నెండేండ్లు బందీ అయ్యాడనీ, చివరకు రామలక్ష్మణులే మారువేషాలలో వచ్చి పైకము చెల్లించి విడిపించారనీ జనశ్రుతి. చరిత్రకారుడు ఈ కథలోని ఏండ్లను లెక్కింపవచ్చు, సందేహింపవచ్చు. పాటలోని వేదనను మాత్రం ఎవరూ సందేహింపలేరు.

గోలకొండను చూచినవారికి ఒక వింత తెలుసు. క్రింద ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొడితే కొండపై బాలా హిస్సారులో వినబడుతుంది. శత్రువు రాకను పైవారికి తెలుపడానికి శిల్పులు చేసిన ఏర్పాటది. కొండకొమ్ముకు చప్పట్ల సవ్వడి చేర్చిన కోటలోనే ‘రామదాసు బందిఖానా’ అనే చీకటిగది ఉన్నది. గోడపై సీతారామలక్ష్మణుల రూపాలు, ఆంజనేయుని రూపం చెక్కి ఉన్నాయి. చప్పట్లు క్షణంలో చేరిన చోటికి బందీ మొర చేరడానికి పన్నెండేండ్లు పట్టిందని కథ చెబుతున్నది!

1687లో నెలల తరబడి సాగిన ముట్టడి తరువాత ఔరంగజేబు గోలకొండను పట్టుకొన్నాడు. గోపన్నను బంధించిన తానాషా తానే బందీయై దౌలతాబాదు కోటలో కన్నుమూశాడు. సింహాసనం పోయింది, ఖజానా పోయింది, పాట మిగిలింది.

ఆ పాటలలో ఒకటి నగల పద్దు. భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి: ఏది ఎవరికి చేయించినదీ, దేనికి ఎంత వెచ్చించినదీ అందులో వరుసగా చెప్పుకొంటాడు. లెక్కలు వ్రాసిన చేయి కనుక వేదనకు సైతం లెక్క వ్రాసింది. దెబ్బలకు తాళలేక స్వామినే నిందిస్తాడు. మరుక్షణమే నోరు జారినందుకు మన్నింపు వేడుకొంటాడు. నిందాస్తుతికి తెలుగులో ఇంతకన్న సహజమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఇవి భజన కీర్తనలే కాని కచేరీ సంగీతం కావని కొందరు పెదవి విరుస్తారు. త్యాగరాజస్వామి అట్లు తలపలేదు. దేవగాంధారి రాగంలోని ‘క్షీరసాగర శయన’ కృతిలో రామదాసు చెర వీడిన ఉదంతాన్ని స్మరించాడు. ‘ప్రహ్లాద భక్తి విజయం’లో ఆయనను కొనియాడాడు. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఈ కీర్తనలను ఆకాశవాణి ద్వారా, గ్రామఫోను రికార్డుల ద్వారా ఇంటింటికీ చేర్చారు. ఆనందభైరవి అనే పేరు ఎరుగని తల్లులు సైతం ఆ రాగంలో బిడ్డలను నిద్రపుచ్చడం నేర్చారు.

ఏటా చైత్రశుద్ధ నవమినాడు, అభిజిల్లగ్నంలో, భద్రాచలంలోని మిథిలా ప్రాంగణంలో కల్యాణం జరుగుతుంది. ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. ఈ ఆనవాయితీ తానాషా నాటిదని ప్రతీతి. మరునాడు పట్టాభిషేకం. వేసవిలో ఊరూరా వెలిసే నవమి పందిళ్లు, వాటిలోని హరికథలు, గానసభలు మనవారి ప్రాసాదోత్సవాలు. టిక్కెట్టు లేదు, మొదటి వరుస లేదు. తాటాకు పందిరి, బెల్లపు పానకం, వడపప్పు, పాట.

ఇక్కడనే ఒక చింత కలుగుతున్నది. రామదాసు తన కీర్తనలకు స్వరాలు వ్రాసి ఉంచలేదు. అవి ఒక నోటి నుండి మరొక నోటికి సాగి వచ్చాయి. సాహిత్యం పుస్తకంలో ఉంటుంది. రాగం గొంతులోనే ఉంటుంది. పందిట్లో మైకు పెట్టి రికార్డు వేయడం సులభమే. కాని కూర్చున్నవారు తాము పాడటం మానివేస్తే, పల్లవి తప్ప చరణం ఎరుగని తరం వస్తుంది. కోట రాళ్లు ఒరిగితే పురావస్తు శాఖవారు నిలబెట్టగలరు. ఒరిగిన బాణీని నిలబెట్టే శాఖ ఏదీ లేదు.

దోర్నకల్లు నుండి కొత్తగూడెం పోయే రైలుదారిలో కారేపల్లి ఒక కూడలి. దారి చివరి స్టేషను పేరు భద్రాచలం రోడ్. అక్కడ దిగి అడవిదారి పట్టి, గోదావరి దాటితే భద్రగిరి. గోపన్న పుట్టిన ఊరు ఒకవైపు, ఆయన గుడి కట్టించిన కొండ మరొకవైపు; నడుమ కారేపల్లి. ఈ ప్రాంతపు బడిపిల్లలకు సంగీతోత్సవం చూడడానికి గ్రనడా దాకా పోవలసిన పని లేదు. వారానికి ఒక కీర్తన, పల్లవి మొదలు చివరి చరణం దాకా, అర్థంతో నేర్పే ఉపాధ్యాయుడు ఒక్కడుంటే చాలు. వచ్చే నవమికి ఆ బడి ముంగిలే ప్రాసాదమవుతుంది.