పాతిక డాలర్ల చిప్పు

కంప్యూటర్‌ను ఇంట్లోకి తెచ్చింది ఏదని అడిగితే మౌస్ అనేవాళ్లున్నారు, ఇంటర్నెట్ అనేవాళ్లున్నారు. నన్నడిగితే 1975లో అమ్మకానికి వచ్చిన ఒక చిప్పు పేరు చెబుతాను. దాని పేరు 6502. తన కాలంలో అదేమీ మహా బలమైన ప్రాసెసర్ కాదు. దాని ఘనతంతా ధరలో ఉంది. ఆ ధర ఎలా కుదిరిందన్నదే నన్ను ఎన్నాళ్లుగానో పట్టుకున్న విషయం.

అప్పటికే ఇంటెల్ వాళ్ల 8080, మోటరోలా వాళ్ల 6800 ఉన్నాయి. కానీ మొదట్లో ఒక్కో చిప్పు 300 డాలర్ల పైమాటే. మెమరీ, కీబోర్డు, తక్కిన సరంజామా ఖర్చు వేరు. ఒక కుటుంబం భరించే బేరం కాదది. 6800 జట్టులో పనిచేసిన చక్ పెడిల్‌కు ఆ చిప్పు చూపించిన ప్రతిచోటా దాదాపు ఒకే జవాబు వచ్చేది: సరుకు బాగుంది, ధర అందదు. పాతిక డాలర్లకు దొరికే చిప్పు చేద్దామని ఆయన పట్టుబట్టాడు. పైవాళ్లు వద్దన్నారు. 1974లో ఆయన మరికొందరు సహచరులతో కలిసి పెన్సిల్వేనియాలో ఉన్న మాస్ టెక్నాలజీ అనే చిన్న కంపెనీకి వెళ్లిపోయాడు.

ఇక్కడ చిప్పుల లెక్క కాస్త తెలియాలి. గుండ్రటి సిలికాన్ పలక మీద ఒకేసారి చాలా చిప్పులు అచ్చవుతాయి. పలకకు అయ్యే ఖర్చు ఇంచుమించు ఒకటే. కాబట్టి చిప్పు చిన్నదయ్యేకొద్దీ అదే ఖర్చుకు ఎక్కువ చిప్పులు వస్తాయి. పైగా అచ్చు వేసే మూస మీద చిన్న లోపం ఉన్నా, ఆ చోట పడిన చిప్పు ప్రతి పలకలోనూ చెడిపోతుంది. మూసలోని లోపాలను సరిదిద్దడం మాస్ వాళ్లకు బాగా వచ్చు. అందువల్ల పనికొచ్చే చిప్పుల పాలు పెరిగింది. చిప్పును చిన్నది చేసే పని పెడిల్, బిల్ మెన్ష్ వంటి వాళ్లు చూసుకున్నారు. 6800లో లెక్కలు చేసే అక్యుములేటర్లు రెండుండేవి. వీళ్లు ఒకటి తీసేశారు. తప్పనిసరి కానిది ఇంకా ఏదేది ఉందో వెతికి వెతికి తొలగించారు. చివరికి మొత్తం చిప్పులో మిగిలిన ట్రాన్సిస్టర్లు మూడున్నర వేల చిల్లర.

మరి ఇంత కోసేస్తే పని నడిచేదెలా? మెమరీలో మొదటి 256 గదులను ఈ చిప్పు దగ్గరి సొరుగులా వాడుకునేలా కట్టారు. 5కు 3 కలిపి దాచాలనుకోండి. చిప్పుకు ఆదేశాలు సంఖ్యల్లోనే ఇవ్వాలి. 169, 5 అంటే ‘అక్యుములేటర్‌లో 5 పెట్టు’. 24 అంటే ‘పాత మిగులు తుడిచెయ్’. 105, 3 అంటే ‘3 కలుపు’. 133, 16 అంటే ‘ఫలితాన్ని 16వ గదిలో దాచు’. మొత్తం ఏడు సంఖ్యలు, చిప్పు గడియారంలో తొమ్మిది టిక్కులు. సెకనుకు పది లక్షల టిక్కుల వేగంతో నడిచే చిప్పుకు ఇది సెకనులో లక్షో వంతు కూడా పట్టదు. ఆ 16వ గది మొదటి 256 గదుల్లో ఉంది కాబట్టి దాని చిరునామా ఒక్క సంఖ్యతో సరిపోయింది. దూరంగా ఉన్న గదైతే ఇంకో సంఖ్య, ఇంకో టిక్కు ఖర్చయ్యేవి. పొదుపులో ఇంత ఆలోచన ఉండటం వల్లే నాకు ఈ చిప్పు మీద ప్రేమ.

1975 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో వెస్కాన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగింది. హాల్లో అమ్మకాలు కుదరవన్నారు. దాంతో హోటల్ గదిలో గాజు జాడీ నిండా చిప్పులు పోసి, ఒక్కోటి పాతిక డాలర్లకు అమ్మారు. జాడీ అడుగున ఉన్నవి పనిచేయనివేనని, సరుకు దండిగా ఉన్నట్టు కనిపించడానికే వేశామని పెడిల్ తర్వాత చెప్పాడు. ఈ చిప్పు కొన్నవాళ్లలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. ఆపిల్ 1ను 1976లో దీనితోనే కట్టాడు. 1977లో ఆపిల్ 2, కమొడోర్ పెట్, ఆ తర్వాత అటారీ కంప్యూటర్లు వచ్చాయి. 1982లో వచ్చిన కమొడోర్ 64 ఒక్కటే కోటికి పైగా అమ్ముడైంది. అందులో ఉన్నది 6502కే చిన్న మార్పు చేసిన చిప్పు.

మన ఇళ్లకు ఇది వేరే వేషంలో వచ్చింది. తొంభైలలో టీవీకి తగిలించుకుని మారియో, కాంట్రా ఆడిన వీడియో గేములు గుర్తున్నాయా? క్యాసెట్ పట్టకపోతే తీసి, ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. ఆ పెట్టెలు చాలావరకు నింటెండో యంత్రానికి నకళ్లు. నింటెండో చిప్పు గుండెకాయ 6502. కంప్యూటరన్నదే చూడని ఇళ్లలో కూడా అలా ఈ ప్రాసెసర్ సాయంత్రాలంతా పనిచేసింది. ఇంకో దారి బడి. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద దేశంలోని ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వెళ్లాయి. వాటిలోనూ ఉన్నది 6502యే.

బీబీసీ మైక్రోను తయారు చేసింది ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్. తర్వాతి యంత్రానికి ఏ ప్రాసెసర్ వాడాలా అని వెతికితే బజార్లో ఉన్నవేవీ వాళ్లకు నచ్చలేదు. 1983లో ఆ సంస్థ ఇంజినీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అమెరికాలోని అరిజోనా వెళ్లి, బిల్ మెన్ష్ పెట్టుకున్న వెస్టర్న్ డిజైన్ సెంటర్‌ను చూశారు. పెద్ద ఫ్యాక్టరీని ఊహించుకుని వెళ్తే, మామూలు ఇంటిలాంటి చోట కొద్దిమంది కూర్చుని ప్రాసెసర్ గీస్తున్నారు. వీళ్లే చేయగలిగితే మనమెందుకు చేయలేం అనుకుని తిరిగొచ్చారు. 1985 ఏప్రిల్‌లో వాళ్ల మొదటి ఆర్మ్ చిప్పు పనిచేసింది. ఈ రోజు మన జేబుల్లో ఉన్న ఫోన్లలోని ప్రాసెసర్లు దాదాపు అన్నీ ఆ వంశానివే. అందుకే ఆ పాతిక డాలర్ల ధరకు నేనింత విలువ కడుతున్నాను.

మెన్ష్ సంస్థ తయారుచేయించే 6502 కొత్త రూపం 65సీ02 ఇప్పటికీ కొత్తగా దొరుకుతుంది. బ్రెడ్‌బోర్డు మీద దాన్ని గుచ్చి, మెమరీ చిప్పులు, కొన్ని ఎల్‌ఈడీలు కలిపి సొంత కంప్యూటర్ కట్టుకోవచ్చు. దాని గడియారాన్ని పూర్తిగా ఆపినా లోపలి లెక్క చెరిగిపోదు. కాబట్టి బటన్ నొక్కి ఒక్కో టిక్కే ఇస్తూ, అది ఏ గది తెరుస్తోందో దీపాల్లో చూడవచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ప్రాసెసర్ అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా సూటి మార్గం నాకు కనిపించలేదు.