సానబట్టిన చరిత్ర: ‘యంగ్ మిస్టర్ లింకన్’ చిత్రంలో నాయకుని తొలినాళ్ల చిత్రణ

వ్యాససంగ్రహం:

మహానాయకుల జీవితకథాచిత్రాలలో వారి తొలినాళ్లను మాత్రమే ఇతివృత్తంగా స్వీకరించేవి ఒక ప్రత్యేక వర్గం. కథలోని యువకునికి తన భవిష్యత్తు తెలియదు, ప్రేక్షకునికి తెలుసు. ఈ అంతరమే అటువంటి చిత్రాల నిర్మాణానికి ఆధారం. జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో 1939లో విడుదలైన ‘యంగ్ మిస్టర్ లింకన్’ చిత్రం చరిత్రలో 1858 నాటి ఒక వ్యాజ్యాన్ని 1837కు జరిపింది. ఈ మార్పు వల్ల కథకు కలిగిన లాభమేమిటి, చరిత్రకు కలిగిన నష్టమేమిటి అనే అంశాన్ని భారతీయ కావ్యశాస్త్ర పరిభాష ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జీవితకథాచిత్రం, మిశ్రవస్తువు, ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం, ధ్వని, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం

‘యంగ్ మిస్టర్ లింకన్’ చిత్రం ఒక కవితతో ప్రారంభమవుతుంది. రోజ్‌మేరీ బెనే రచించిన ఆ కవితలో లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ ఆత్మ తిరిగివచ్చి తన కొడుకు ఏమయ్యాడని అడుగుతుంది. చరిత్రలో ఆమె 1818లో మరణించింది. అప్పటికి లింకన్ వయసు తొమ్మిదేళ్లు. ఆమె ప్రశ్నకు చిత్రం ఎక్కడా నేరుగా సమాధానం చెప్పదు. చెప్పవలసిన అవసరం కూడా లేదు; సమాధానం ప్రేక్షకునికి ముందే తెలుసు. అమెరికా పదహారవ అధ్యక్షుడు, అంతర్యుద్ధకాలపు నేత, బానిసత్వ నిర్మూలనతో పేరు ముడివడినవాడు, హంతకుని తూటాకు బలైనవాడు: ఇవన్నీ తెలిసిన ప్రేక్షకుని ఎదుట ఇవేవీ తెలియని యువకుణ్ణి నిలబెట్టడమే ఈ చిత్ర ప్రణాళిక.

పూర్తి జీవితాన్ని చెప్పే చిత్రానికి ఘనకార్యాలే ఆలంబనం. తొలినాళ్లను మాత్రమే చెప్పే చిత్రానికి ఆ ఆలంబనం ఉండదు. కాబట్టి అది రానున్న ఘనకార్యాలకు బీజాలు యౌవనంలోనే ఉన్నట్టు చూపవలసి వస్తుంది. చరిత్రలో బీజాలు స్పష్టంగా దొరకనప్పుడు రచయిత వాటిని కల్పిస్తాడు, లేదా మరొక కాలం నుంచి తెచ్చి నాటుతాడు. లమార్ ట్రాటీ రచన చేసిన ఈ చిత్రంలో రెండవ పద్ధతి ప్రధానంగా కనిపిస్తుంది.

2. మిశ్రవస్తువు: ఒక కొలమానం

ధనంజయుని దశరూపకం ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించింది. ఈ మూడింటి తారతమ్యాన్ని రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో రత్నాల ఉపమానంతో నిరూపించాడు. కేవల కల్పిత కథలను కృత్రిమ రత్నాలతోను, కల్పన సోకని పూర్వకథలను గనిలో పుట్టిన రత్నాలతోను పోల్చి, కవికల్పనతో అలంకృతమైన పూర్వకథలను సానదీరిన జాతిరత్నాలుగా శ్లాఘించాడు. ఉపరిచరవసువు భారతకథను ప్రబంధంగా పెంచిన కవికి ఈ సిద్ధాంతం తన రచనకు సమర్థన కూడా.

జీవితకథాచిత్రం స్వభావరీత్యా మిశ్రవస్తువే. అందువల్ల అందులో కల్పన ఉన్నదని నిరూపించడం మాత్రమే విమర్శ కాజాలదు. సానబట్టడంలో రాయి మెరుస్తుంది. కొంత అరుగుతుంది కూడా. అరిగిన భాగమేది, అది అరగడం వల్ల మెరిసిన ముఖమేది అన్నవే అసలు ప్రశ్నలు. ధనంజయుడు నాయకునికి గాని రసానికి గాని తగని అంశాన్ని విడిచిపెట్టవచ్చునని, లేదా వేరొక రీతిగా కల్పించవచ్చునని రూపకకర్తకు అనుమతి ఇచ్చాడు. ఆ అనుమతిని ట్రాటీ, ఫోర్డ్ ఎలా వినియోగించుకున్నారో పరిశీలించడానికి ముందు కథను సంగ్రహంగా తెలుసుకోవాలి.

3. చిత్రకథ

కథ 1832లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం గ్రామంలో మొదలవుతుంది. దుకాణం నడుపుతున్న యువకుడు లింకన్ (హెన్రీ ఫోండా) దగ్గరకు బండిలో వలసపోతున్న క్లే కుటుంబం వస్తుంది. సరుకులకు చెల్లించడానికి డబ్బు లేక వారు ఒక పీపాలోని పాత పుస్తకాలను ఇస్తారు. వాటిలో బ్లాక్‌స్టోన్ న్యాయశాస్త్ర వ్యాఖ్య ఉంటుంది. నదీతీరంలో ఆన్ రట్‌లెజ్ అతణ్ణి చదువుకోమని ప్రోత్సహిస్తుంది. అతడు నీటిలోకి రాయి విసురుతాడు, అలలు వ్యాపిస్తాయి, మరుక్షణం అదే నది మంచుగడ్డలతో కనిపిస్తుంది. ఆన్ మరణించింది. ఆమె సమాధి వద్ద ఒక పుల్లను నిలబెట్టి, అది పడిన దిక్కును బట్టి అతడు న్యాయవాదవృత్తిని ఎంచుకుంటాడు.

1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణానికి చేరుతాడు. స్వాతంత్ర్య దినోత్సవం నాటి రాత్రి జరిగిన కొట్లాటలో స్క్రబ్ వైట్ అనేవాడు హతుడవుతాడు. క్లే సోదరులు మాట్, ఆడమ్ నిందితులు. గుంపు చెరసాల తలుపు బద్దలుకొట్టి వారిని ఉరితీయబోగా లింకన్ ఒంటరిగా అడ్డుకొని వారి పక్షాన వాదించడానికి పూనుకుంటాడు. తల్లి అబిగైల్ ఘటనను చూసింది. కాని ఏ కొడుకు పొడిచాడో చెప్పడానికి నిరాకరిస్తుంది. వెన్నెలలో హత్యను చూశానన్న జాన్ పామర్ కాస్ సాక్ష్యాన్ని లింకన్ పంచాంగం చూపి పూర్వపక్షం చేస్తాడు. ఆ సమయానికి చంద్రుడు అస్తమించాడు. కాస్ అసలు హంతకుడని న్యాయస్థానంలోనే తేలుతుంది.

4. ఇరవై ఒక్క సంవత్సరాల జరుపు

ఈ కథకు మూలం చరిత్రలో ఉన్నది. 1857 ఆగస్టులో మెట్స్కర్ అనే వ్యక్తి రాత్రివేళ దెబ్బలు తిని తరువాత మరణించాడు. నిందితులలో ఒకడు విలియం డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్. అతని తల్లిదండ్రులు జాక్, హన్నా న్యూ సేలంలో లింకన్‌కు ఆశ్రయమిచ్చిన మిత్రులు. 1858 మే 7న బియర్డ్స్‌టౌన్‌లో జరిగిన విచారణలో లింకన్ ప్రతిఫలం తీసుకోకుండా వాదించారు. నిండు వెన్నెలలో ఘటనను చూశానని పదేపదే చెప్పిన చార్ల్స్ ఆలెన్ సాక్ష్యాన్ని పంచాంగంతో ఖండించారు. ఆ వేళకు చంద్రుడు పడమట దిగివచ్చి అస్తమయానికి చేరువలో ఉన్నాడని తేలింది. డఫ్ నిర్దోషిగా విడుదలయ్యాడు. అయితే అక్కడ మరొక హంతకుడు బయటపడలేదు. న్యాయస్థానంలో నేరాంగీకారం జరగలేదు.

చరిత్రలో ఆ నాటికి లింకన్ వయసు నలభై తొమ్మిది. రెండు దశాబ్దాలకు పైగా న్యాయవాదిగా కోర్టుల వెంట తిరిగిన అనుభవం ఆయనది. అప్పటికే ఒకమారు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యునిగా పనిచేశారు. విచారణ ముగిసిన నెలన్నర లోపునే సెనేట్ స్థానానికి స్టీఫెన్ డగ్లస్‌పై అభ్యర్థిగా ఎంపికయ్యారు. చిత్రం ఈ పరిణతవయస్కుని విజయాన్ని పట్టణంలో అప్పుడే అడుగుపెట్టిన ఇరవై ఎనిమిదేళ్ల యువకునికి కట్టబెట్టింది. 1839లో గాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్థిరపడని మేరీ టాడ్‌ను కూడా 1837లోకి తెచ్చింది.

ఈ జరుపు అర్థం కావాలంటే కావ్యహేతువుల చర్చ ఉపకరిస్తుంది. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడూ కలిస్తేనే కవిత్వం సిద్ధిస్తుందని ఆలంకారికుల మతం. న్యాయవాదానికీ ఇది వర్తిస్తుంది. సాక్షి చేత చంద్రుని స్థానాన్ని గురించి మళ్లీ మళ్లీ చెప్పించి, తప్పించుకునే దారులన్నీ మూసిన తరువాతే పంచాంగం తెరవడం అభ్యాసఫలం. చిత్రంలో బ్లాక్‌స్టోన్ గ్రంథం రూపంలో వ్యుత్పత్తి కొంత కనిపిస్తుంది. అభ్యాసం మాత్రం పూర్తిగా తొలగిపోయింది. కాలాన్ని వెనక్కు జరపడంతో సాధించిన నైపుణ్యం పుట్టుకతో వచ్చిన ప్రతిభగా మారింది. తొలినాళ్ల చిత్రాలన్నింటిలో పొంచి ఉండే ప్రమాదం ఇదే: నాయకుడు తయారైన క్రమాన్ని చెబుతానని మొదలుపెట్టి, అతడు మొదటినుంచీ నాయకుడేనని చెప్పి ముగించడం.

5. గుంపు ఎదుట యువకుడు

చెరసాల సన్నివేశం చిత్రానికి ఆయువుపట్టు. తలుపు బద్దలుకొట్టడానికి తెచ్చిన దుంగకు కాలు అడ్డుపెట్టి లింకన్ గుంపును మొదట సవాలు చేస్తాడు, తరువాత నవ్విస్తాడు, చివరకు ఆలోచింపజేస్తాడు. తనకు దొరికిన కక్షిదారులను లాక్కోవద్దన్న హాస్యం నుంచి, గుంపుగా చేసే పనిని ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరూ చేయరన్న వివేకానికి సంభాషణ మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. వీరం హాస్యంతో ఆరంభమై శాంతంలో విశ్రమించే రసపరిణామం ఇక్కడ ఉన్నది.

ఆర్మ్‌స్ట్రాంగ్ వ్యాజ్యంలో లేని ఈ ఘట్టం కల్పితమే. అయినా యువ లింకన్ భావలోకానికి ఇది దూరం కాదు. 1838 జనవరి 27న స్ప్రింగ్‌ఫీల్డ్ యువజన లైసియంలో ఆయన చేసిన ప్రసంగానికి గుంపు హింసయే ప్రధాన విషయం. చట్టం పట్ల గౌరవం దేశానికి ధర్మం కావాలన్నది అందులోని సారాంశం. ఈ విధంగా చూస్తే కల్పిత సన్నివేశం చారిత్రక సత్యాన్ని దృశ్యరూపంలో అందించింది. సానబట్టిన రత్నమన్న మాట ఇక్కడ సార్థకం.

అరిగిన భాగం కూడా ఇక్కడే ఉన్నది. ఆ ప్రసంగంలో లింకన్ మిసిసిపీ రాష్ట్రంలో ఉరితీయబడ్డ జూదగాళ్లను, నల్లజాతివారిని ప్రస్తావించారు. 1836లో సెయింట్ లూయిస్‌లో మెకింటాష్ అనే మిశ్రజాతి వ్యక్తిని గుంపు చెట్టుకు బంధించి సజీవదహనం చేసిన ఘటనను ప్రత్యేకంగా పేర్కొన్నారు. చిత్రంలో గుంపు బారిన పడబోయినవారు తెల్లజాతి సోదరులు మాత్రమే. గుంపు హింస మిగిలింది. దాని వెనుక ఉన్న జాతిప్రశ్న తొలగిపోయింది.

ఇది ఏకైక ఉదాహరణ కాదు. చరిత్రలో లింకన్ 1834లోనే ఇల్లినాయ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1837 మార్చి 3న, అంటే స్ప్రింగ్‌ఫీల్డ్‌కు నివాసం మార్చడానికి ఆరు వారాల ముందు, డాన్ స్టోన్ అనే సహసభ్యునితో కలిసి ఒక నిరసనను సభలో నమోదు చేయించారు. బానిసత్వం అన్యాయం మీదను, చెడు విధానం మీదను నిలిచినదని అందులో ప్రకటించారు. నిర్మూలనవాదుల ప్రచారం దాని కీడును పెంచుతుందని కూడా అన్నారు. సందిగ్ధతతో కూడిన ఈ తొలి అడుగే యౌవనంలో నాటుకున్న నిజమైన బీజం. చిత్రం దానిని స్వీకరించలేదు. బానిసత్వం ప్రస్తావన చిత్రంలో వచ్చినప్పుడు కూడా, బానిసల రాక వల్ల పేద తెల్లవారికి బ్రతుకుతెరువు కష్టమై తన కుటుంబం కెంటకీని విడిచిందన్న మాటగానే వస్తుంది.

6. ధ్వని మార్గం

లింకన్ పాత్ర ధరించడం దేవుని పాత్ర ధరించడం వంటిదని ఫోండా మొదట వెనుకాడారు. తాను తీస్తున్నది విమోచకుని కథ కాదని, ఒక కుర్ర ప్లీడరు కథ అని ఫోర్డ్ ఆయనను ఒప్పించారు. ఈ సంకల్పం వల్ల చిత్రం భావి ఘనతను వాచ్యం చేయకుండా ధ్వనింపజేసే మార్గాన్ని ఎంచుకున్నది. కంచరగాడిదమీద వస్తూ లింకన్ మోర్సింగు వంటి చిన్న వాద్యంపై ‘డిక్సీ’ అనే పాటను వాయిస్తాడు. అది 1859 నాటి పాట. తరువాత అతనిపై తిరగబడిన దక్షిణాది రాష్ట్రాలకు గుర్తుగా మారినది. కాలవ్యత్యయం దోషమే. కాని ప్రేక్షకుని జ్ఞానంతో కలిసినప్పుడు అది వ్యంగ్యార్థాన్ని స్ఫురింపజేస్తుంది.

ముగింపులో లింకన్ ఒంటరిగా కొండ ఎక్కుతాడు. ఉరుములు, వాన. ఆ వాన నుంచి దృశ్యం వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకమందిరపు విగ్రహంలోకి కరిగిపోతుంది. పదవి పేరు ఉచ్చరించకుండానే అధ్యక్షుడు, యుద్ధం, మరణం స్ఫురిస్తాయి. ఐసెన్‌స్టీన్ ఈ చిత్రాన్ని ఎంతో ఆదరించి ప్రత్యేక వ్యాసం రాయడానికి దీని నిర్మాణ సమగ్రత ఒక కారణం. 1970లో ‘కాయే దు సినెమా’ పత్రిక సంపాదకవర్గం సమష్టిగా ప్రకటించిన సుప్రసిద్ధ విశ్లేషణ మరొక కోణాన్ని చూపింది. లింకన్‌లోని రాజకీయవాదిని అణచి, చట్టానికి ప్రతిరూపమైన నైతికమూర్తిని చిత్రం నిలిపిందని, చెప్పనివాటిలోనే దాని భావజాలం వెల్లడవుతుందని ఆ విశ్లేషణ సారం.

ఈ రెండు దృక్పథాలు పరస్పరవిరుద్ధాలు కావు. ధ్వనికి మౌనం అవసరం. అయితే మౌనమంతా ధ్వని కాదు. అధ్యక్షపదవిని చెప్పకపోవడం ధ్వని. ప్రేక్షకుడు దానిని పూరించగలడు. 1837 నిరసనను చెప్పకపోవడం లోపం. సామాన్య ప్రేక్షకునికి అది తెలియదు కాబట్టి పూరించలేడు.

7. ఉపసంహారం

నాయకునికి, రసానికి తగనిదానిని విడువవచ్చునన్న ధనంజయుని అనుమతి ఈ చిత్రానికి కొంతవరకే రక్ష. మెకింటాష్ ప్రస్తావన గాని, శాసనసభలోని నిరసన గాని నాయకుని ఔన్నత్యానికి భంగకరం కావు. అవి భంగపరచగలిగినది అమెరికా ప్రజలందరినీ ఒక్క నవ్వులో కలపదలచిన చిత్రపు సామరస్యాన్ని మాత్రమే. అంటే ఇక్కడ ఔచిత్యానికి ప్రమాణం నాయకుని చరిత్ర కాదు. 1939 నాటి ప్రేక్షకసమాజపు సౌకర్యం.

జీవితకథాచిత్రాలపై పరిశోధన చేసేవారికి దీని నుంచి ఒక పద్ధతి లభిస్తుంది. ఒక సంఘటన నిజంగా జరిగిందా లేదా అన్న ప్రశ్నతో ఆగకుండా, అది ఏ కాలం నుంచి ఏ కాలానికి జరిగింది, జరగడంలో ఏ హేతువు పోయింది, విడిచినదానిని ప్రేక్షకుడు పూరించగలడా అని అడగాలి. ‘యంగ్ మిస్టర్ లింకన్’ నిస్సందేహంగా సానదీరిన రత్నమే. దాని కాంతిని మెచ్చిన చదువరి సానరాయి చుట్టూ రాలిన పొడిని కూడా పరిశీలించాలి. యువ లింకన్ తడబాటు, రాజకీయ అభ్యాసం, మెకింటాష్ పేరు ఆ పొడిలోనే ఉన్నాయి.