రోమా ప్రజలు: పుట్టింది యూరప్‌లోనే.. మిగతా వాళ్ల కంటే పదేళ్లు ముందే ఎందుకు చనిపోతున్నారు?

యూరప్ అనగానే పెద్ద ఆస్పత్రులు, అందరికీ ఇన్సూరెన్స్ గుర్తొస్తాయి. కానీ అక్కడే ఓ వర్గం మిగతా వాళ్ల కంటే దాదాపు పదేళ్లు తక్కువ బతుకుతోంది. వాళ్లే రోమాలు. అసలు ఎవరు వీళ్లు? ఎందుకీ తేడా?

ఎవరీ రోమాలు?

దాదాపు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వలస వెళ్లిన వారి వారసులే రోమాలు. వాళ్ల రోమానీ భాషలో ఇప్పటికీ నీళ్లంటే ‘పానీ’, ముక్కు అంటే ‘నాక్’. యూరప్‌లో మొత్తం కోటికి పైగా ఉంటారని అంచనా. యూరోపియన్ యూనియన్ దేశాల్లోనే సుమారు 60 లక్షల మంది ఉన్నారు. ‘జిప్సీలు’ అన్న మాటను చాలామంది రోమాలు అవమానంగా భావిస్తారు.

లెక్కలు ఏం చెబుతున్నాయ్?

యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల ఏజెన్సీ 2021లో 10 దేశాల్లో సర్వే చేసింది. సగటు ఆయుర్దాయం చూస్తే రోమా పురుషులు 9 ఏళ్లు, మహిళలు 11 ఏళ్లు వెనకబడి ఉన్నారు. అప్పట్లో 80 శాతం మందికి పేదరికం ముప్పు ఉండేది. ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇంట్లో కుళాయి నీళ్లే లేవని ఆ సర్వేలో తేలింది.

రోగం ఎక్కడ మొదలవుతోంది?

ఉండే చోటే మొదటి సమస్య. రొమేనియాలోని క్లుజ్ నగరంలో 2010 డిసెంబర్‌లో కొన్ని రోమా కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్లలో చాలామందిని ఊరి చివర చెత్త డంప్ ఉన్న పాటా రాట్‌కు పంపేశారు. అలాంటి చోట గాలి, నీళ్లు బాగోకపోతే మందులతో ఎంతవరకు ఆగుతుంది?

రెండోది కాగితాలు. సొంత పేరు మీద ఇల్లు, గుర్తింపు పత్రం, రెగ్యులర్ ఉద్యోగం లేకపోతే చాలా దేశాల్లో హెల్త్ ఇన్సూరెన్స్ అందడం కష్టం. దాంతో రోగం ముదిరాకే ఆస్పత్రికి వెళ్తున్నారు.

డాక్టరంటే భయం ఎందుకు?

దీని వెనక ఓ చేదు చరిత్ర ఉంది. స్లొవేకియాలో 2000లో ఓ రోమా మహిళకు పురిటి నొప్పుల్లో ఉండగానే సంతకం చేయించుకుని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసేశారు. ఆమె రికార్డులో ‘రోమా’ అని కూడా రాశారు. యూరప్ మానవ హక్కుల కోర్టు 2011లో దీన్ని తప్పుబట్టి పరిహారం ఇప్పించింది. ఇలాంటి ఆపరేషన్లకు స్లొవేకియా ప్రభుత్వం 2021లో క్షమాపణ చెప్పింది. అదే ఏడాది చెక్ రిపబ్లిక్ బాధితులకు 3 లక్షల కొరునాల చొప్పున పరిహారం ఇచ్చేలా చట్టం చేసింది.

ఇప్పుడేం చేస్తున్నారు?

రొమేనియా సహా కొన్ని దేశాల్లో హెల్త్ మీడియేటర్లు పనిచేస్తున్నారు. మన ఆశా వర్కర్ల లాగే వీళ్లూ ఎక్కువగా ఆ బస్తీ వాళ్లే. టీకాలు వేయించడం, డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లడం, కాగితాలు నింపడం వీళ్ల పని.

2030 నాటికి ఆయుర్దాయంలో తేడాను కనీసం సగానికి తగ్గించాలని, 95 శాతం రోమాలకు కుళాయి నీళ్లు అందాలని యూరోపియన్ యూనియన్ టార్గెట్ పెట్టుకుంది. మీడియేటర్ ఆస్పత్రి దాకా తోడు రాగలరు. కుళాయి, ఇల్లు, ఇన్సూరెన్స్ మాత్రం ప్రభుత్వాలే ఇవ్వాలి.