పక్క క్లాసుకూ పాకాలంటే

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం. మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో రెండు పెద్ద సెక్షన్లు, ఒక్కోదాంట్లో సుమారు 270 మంది. పన్నెండో వారంలో విద్యుదయస్కాంత తరంగాల పాఠం వచ్చింది. ఒక సెక్షన్‌కు ఎంతో అనుభవమున్న ప్రొఫెసరు ఎప్పటిలాగే లెక్చర్ ఇచ్చారు. రెండో సెక్షన్‌ను కొత్త పద్ధతిలో తర్ఫీదు పొందిన, పెద్దగా అనుభవం లేని బోధకులు తీసుకున్నారు. తర్వాత రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష పెడితే, మొదటి సెక్షన్ సగటు 41 శాతం, రెండోది 74 శాతం. 2011లో ‘సైన్స్’ పత్రిక ఈ ఫలితాన్ని ప్రచురించింది.

ఆ కొత్త పద్ధతిలో మాయ ఏమీ లేదు. పాఠం ముందే చదువుకు రావాలి. క్లాసులో ప్రశ్న వస్తుంది. ఉదాహరణకు: లారీ, కారు ఢీకొన్నాయి, ఏది దేన్ని ఎక్కువ బలంతో నెట్టింది? ప్రతివాళ్లూ జవాబు ఎంచుకుని, పక్కవాళ్లతో వాదించాలి. లారీయే అని పట్టుబట్టినవాళ్లు, రెండు బలాలూ సమానమని ఆ వాదనలోనే తెలుసుకుంటారు. అధ్యాపకులు ఆ మాటలు విని, పిల్లలు ఎక్కడ తడబడ్డారో అక్కడే వివరిస్తారు. సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూశారు. కేవలం లెక్చర్లు సాగే క్లాసుల్లో దాదాపు 34 శాతం మంది తప్పుతుంటే, ఇలాంటి క్లాసుల్లో తప్పేది 22 శాతమే.

ఇంత తేడా ఉన్నా ఈ పద్ధతి పక్క గదికి ఎందుకు పాకదు? ఒక అధ్యాపకురాలు కష్టపడి ప్రశ్నలు తయారు చేసుకుంటారు. మరుసటి ఏడు ఆ కోర్సు ఇంకొకరి చేతికి వెళ్తే ఆ శ్రమంతా ఆమె ఫైల్లోనే ఉండిపోతుంది. పదోన్నతికి లెక్కలోకి వచ్చేది పరిశోధన పత్రాలే అయితే, బోధన కోసం రాత్రులు మేల్కొనేవాళ్లు ఎందరుంటారు?

2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్ ఈ చిక్కును సూటిగా పట్టుకున్నారు. మారాల్సింది ఒక్క మాస్టారు కాదు, డిపార్ట్‌మెంట్ మొత్తం అన్నది ఆయన నమ్మకం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2006లో, బ్రిటిష్ కొలంబియాలో 2007లో ఆయన పెద్ద ప్రయత్నం మొదలుపెట్టారు. నిధులు నేరుగా విభాగాలకే ఇచ్చారు. ఒక్కో కోర్సుకూ మూడు ప్రశ్నలు వేసుకోమన్నారు: విద్యార్థి ఏం నేర్చుకోవాలి? నిజంగా ఏం నేర్చుకుంటున్నాడు? ఎలా చెబితే ఇంకా బాగా నేర్చుకుంటాడు?

అన్నిటికన్నా తెలివైన పని మరొకటి. ఆయా సబ్జెక్టుల్లోనే పిహెచ్‌డి చేసి, బోధన గురించి ప్రత్యేకంగా నేర్చుకున్న యువ నిపుణులను ఆ విభాగాల్లోనే కూర్చోబెట్టారు. వాళ్లు తనిఖీకి వచ్చినవాళ్లు కారు. ప్రొఫెసరు పక్కనే ఉండి ప్రశ్నలు రాయడంలో, పరీక్షలు తయారు చేయడంలో, క్లాసు ఎలా నడిచిందో గమనించడంలో చేయి కలిపారు. తయారైన సామగ్రి తర్వాత వచ్చేవారికీ అందేలా దాచారు.

అన్ని విభాగాల్లోనూ ఇది ఒకేలా ఫలించలేదు. విభాగాధిపతి పూనుకున్నచోట వేళ్లూనింది, పైపైన ఒప్పుకున్నచోట నెమ్మదించింది. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఇదే. ఒకరోజు వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్లు పంచితే బోధన మారదు. అధ్యాపకులకు సమయం ఇవ్వాలి, పక్కన సాయం ఉండాలి, చేసిన పనికి పదోన్నతిలో విలువ దక్కాలి. అప్పుడు మంచి పాఠం ఒకరి సొంత నేర్పుగా మిగలదు. ఆ కోర్సు ఎవరి చేతికొచ్చినా పిల్లలకు అందుతుంది.