షోళింగనల్లూరు గాలిలో నీళ్లు

మే నెల మధ్యాహ్నం చెన్నై శివారు షోళింగనల్లూరులో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాను బల్ల మీద పెట్టి చూడండి. రెండు నిమిషాల్లో దాని ఒంటికి చెమట పడుతుంది, కాసేపటికి అడుగున చిన్న మడుగు కడుతుంది. సీసా కారడం లేదు. ఆ నీళ్లు గదిలోని గాలివి. హైదరాబాదులో అదే నెలలో అదే సీసాకు అంత చెమట పట్టదు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీది ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు మొదటి వారంలోనే విసుక్కునే ఉక్కపోతకు మూలం ఆ మడుగులోనే ఉంది.

పొడి గాలిలో నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం. మిగిలిన ఒక్క శాతంలో దాదాపు అంతా ఆర్గానే. ఈ పాళ్లు ఇక్కడైనా శ్రీశైలం కొండ మీదైనా ఒకటే. ఊరికీ పూటకీ ఇట్టే మారిపోయేది నీటి ఆవిరి. చల్లని ఎడారి గాలిలో అది ఉండీ లేనట్టే. ఇలాంటి తీరంలో మూడు శాతం దాటుతుంది. తేమ గాలి బరువని మనం అనుకుంటాం. నిజానికి అది తేలిక. నీటి అణుభారం 18, నత్రజనిది 28, ఆక్సిజన్‌ది 32. బరువైనవాటిని తోసి తేలికది చేరితే మొత్తం తేలికపడక తప్పదు. మనకు బరువనిపించేది గాలి కాదు, ఒంటి మీద ఆరని చెమట.

ఇక్కడి కూడలి నుంచి తూర్పున సముద్రం సుమారు మూడు కిలోమీటర్లు. ఎండకు నేల త్వరగా కాగుతుంది, సముద్రం నింపాదిగా కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే పీడనం తగ్గి, సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం కాస్త అటూ ఇటూగా, డాబా మీద ఆరేసిన బట్టలు ఉన్నట్టుండి పడమటికి రెపరెపలాడితే సముద్రగాలి ఊళ్లోకి వచ్చినట్టే. పడమటి గాలి బలంగా వీచే రోజున అది ఆలస్యమవుతుంది, ఒక్కోనాడు అసలే రాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలేది అలాంటి రోజునే. 2003 మే 31న చెన్నై 45 డిగ్రీలు చూసింది.

తెలుగు నేలలో చాలా భాగానికి వాన అంటే జూన్. చెన్నై వచ్చినవాళ్లు జూన్‌లో ఆకాశం వైపు చూసి మోసపోతారు. నైరుతి గాలి తన తేమలో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమల అవతలే దించేసి వస్తుంది. ఇక్కడ అసలు కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. గాలి ఈశాన్యానికి తిరిగి, బంగాళాఖాతం మీదుగా తేమ తాగి వస్తుంది. నెల్లూరువాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, వాళ్లదీ ఇదే లెక్క. సముద్రం దగ్గర ఆవిరైన లీటరు నీరు తనతో బోలెడంత వేడిని మోసుకొస్తుంది; అదే నీటిని సున్నా నుంచి మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి అది అయిదు రెట్ల పైమాటే. మేఘంలో మళ్లీ నీరైనప్పుడు ఆ వేడంతా బయటపడుతుంది. అల్పపీడనాన్ని వాయుగుండంగా, తుఫానుగా పెంచే ఇంధనం అదే.

2015 డిసెంబరు 2 ఉదయం ఎనిమిదిన్నరకు, పక్కనే ఉన్న తాంబరంలో ఇరవై నాలుగు గంటల వాన 49 సెంటీమీటర్లు. చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు అంటే కోటి లీటర్లు; మిగతా గుణకారం మీరే చేసుకోండి. ఇలాంటి ఒక రోజు వాతావరణం. ముప్ఫై ఏళ్ల సగటు శీతోష్ణస్థితి. ఈ రెంటినీ కలిపేసి వాదించుకోవడం మనకు అలవాటు. నుంగంబాక్కంలో 1792లో వెలసిన వేధశాల పుణ్యమా అని చెన్నైకి మాత్రం రెండు శతాబ్దాల పైబడిన వాతావరణ చిట్టా ఉంది.

బొగ్గుపులుసు వాయువు 1958లో గాలిలో పది లక్షలకు 315 పాళ్లు; ఇప్పుడు 420 దాటింది. అది పెరిగేకొద్దీ గాలి వేడెక్కుతుంది; ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. అయినా 2015 వానను పరిశీలించిన అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందానికి అందులో భూతాపం ముద్ర స్పష్టంగా కనిపించలేదు. ప్రతి వరదకూ ఒకే ముద్దాయిని నిలబెట్టడం శాస్త్రం కాదు.

ఆ వానలో ఎల్‌నినో చేయీ ఉంది. పసిఫిక్ వేడెక్కిన ఏళ్లలో నైరుతి తరచు నీరసిస్తుంది, ఈశాన్యం పుంజుకుంటుంది. ఆ ఏడు తెలంగాణ కరువులో ఉంటే చెన్నై మునిగింది. 1877లోనూ పసిఫిక్ బాగా వేడెక్కింది, దేశమంతా నైరుతి ముఖం చాటేసింది. ఆ కరువులో కూలీలకు పని చూపించడానికి అడయారు, కూవం నదుల మధ్య కాలువ తవ్వించారు. అంతకుముందే ఉన్న కాలువలను అది కలపడంతో, అప్పటి గవర్నరు పేర మొత్తం బకింగ్‌హాం కాలువ అయింది. ఆంధ్ర తీరంలోని పెదగంజాం నుంచి వచ్చి షోళింగనల్లూరు పక్కగా పారేది ఆ కాలువే. 2015లో పళ్లికరణై చిత్తడిలో నిండిన నీళ్లు ఒక్కియం మడువు అనే వాగు గుండా అందులోకే వచ్చి పడ్డాయి.