ఐ7 తర్వాత, ముందు గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడండి!

గచ్చిబౌలి హాస్టల్ గదిలో గేమింగ్ పీసీ పెట్టుకోవాలనుందా? ఆన్‌లైన్‌లో ధరలు చూసుకుని, ఒక్కసారి సికింద్రాబాద్ సీటీసీకి, అంటే పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి రండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ప్యారడైజ్ దాకా రైలు మారే పనే లేదు.

'ఐ5 కావాలా, ఐ7 కావాలా' అన్న ప్రశ్న దగ్గరే చాలామంది డబ్బులు పోతాయి. గేమ్ ఎంత స్మూత్‌గా ఆడుతుందన్నది ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు చేతిలో ఉంటుంది. 1080పీ మానిటర్‌కి 8 జీబీ కార్డు తీసుకుని, ప్రాసెసర్ 6 కోర్ల రైజెన్ 5 5600 లాంటిదానితో సరిపెట్టుకోండి. అది పాత ఏఎం4 బోర్డులో, డీడీఆర్4 ర్యామ్‌తో నడుస్తుంది. కొత్త ఏఎం5కి డీడీఆర్5 తప్పదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పుణ్యమా అని 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో తెలిసిందేగా!

కార్డుకి ఇప్పుడే డబ్బుల్లేవా? లోపలే గ్రాఫిక్స్ ఉన్న 5600జీ కొనండి. వాలరెంట్ లాంటివి హాయిగా ఆడుకోవచ్చు, కార్డు తర్వాత బిగించుకోవచ్చు. అయితే ర్యామ్ మాత్రం 16 జీబీ ఒకటే స్టిక్ కాకుండా 8+8 పెట్టించండి. దీనికి వేరే గ్రాఫిక్స్ మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉంటే జాగ్రత్త, కార్డు లేకుండా స్క్రీన్ మీద బొమ్మే రాదు.

రంగురంగుల లైట్ల కేబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ అస్సలు వద్దు. 80 ప్లస్ ముద్ర ఉన్న మంచి కంపెనీది, 550 వాట్లది తీసుకోండి. లైట్లు ఫ్రేములు పెంచవు.

బిల్లు వద్దంటే తగ్గిస్తామని ఎవరైనా అంటే 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంబరపడకండి. రేపు వారంటీకి వెళ్తే అడిగేది ఆ బిల్లే. డబ్బాల మీది సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకున్నాకే మెట్రో ఎక్కండి.