లంగరూ – ఇరుగుపొరుగూ

గ్రీసు దేశానికి తూర్పున ఈజియన్ సముద్రంలో సిక్లడీస్ అనే దీవుల గుంపు వున్నది. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ ఉత్తరపుగాలి రోజుల తరబడి వీస్తుంది. దానిని మెల్తెమి అంటారు. ఆకాశంలో మబ్బుతునక వుండదు. గాలి మాత్రం గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం అందుకోవడం కద్దు.

షికారు పడవలు ఎక్కువగా తిరిగేదీ ఆ నెలల్లోనే. పారోస్ దీవి ఉత్తరాన వున్న నౌసా అఖాతంలో సాయంత్రమయ్యేసరికి మూలమూలనా పడవలే. అక్కడి కొండకొమ్ములు అలలను అడ్డుకొంటవిగాని గాలిని ఆపలేవు. చీకటి పడకముందే లంగరు వేయాలి. చూడబోతే చోటు లేదు. అప్పుడు పడవ నడిపేవాడు యేమి చేయవలె?

లంగరు బరువే పడవను నిలుపుతుందని మనమనుకొంటాము. అది పొరపాటు. నేలలో దిగబడినప్పుడే దానికి పట్టు. 1933లో జెఫ్రీ టేలర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రూపొందించిన లంగరు అచ్చం నాగటికర్రులా వుంటుంది. దున్నేవారికి వేరే చెప్పనక్కరలేదు: ముందుకు లాగితే కర్రు దిగుతుంది, పైకెత్తితే ఊడివస్తుంది. లంగరూ అంతే. గొలుసు అడుగున పరుచుకొని, నేలబారుగా లాగాలి.

అందుకు గొలుసు పొడుగుండాలి. నీటిలోతు 5 మీటర్లు, నీటిపైన పడవ ముక్కు ఎత్తు 1 మీటరు అనుకొందాము. మొత్తం 6. మామూలు గాలికి దీనికి ఐదింతలు, అంటే 30 మీటర్ల గొలుసు వదలవలె. గాలి హెచ్చితే ఏడింతలు, 42 మీటర్లు. గాలివేగం రెండింతలైతే పడవ మీద తోపుడు నాలుగింతలవుతుంది మరి!

చిక్కంతా ఇక్కడే. 42 మీటర్ల గొలుసు మీద నిలిచిన 12 మీటర్ల పడవ, గాలి మళ్ళినకొద్దీ, లంగరు చుట్టూ 50 మీటర్లకు పైగా దూరాన తిరుగుతుంది. పక్క పడవకూ అంత చోటు కావాలి. ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి అంటారుగాని, లంగరు వేసేచోట ఆ సామెత చెల్లదు. ముందు నిలిచినవానిదే హక్కు. వెనుక వచ్చినవాడే ఎడమిచ్చి వేసుకోవాలి.

కాబట్టి తెలిసినవాడు తొందరపడడు. ముందు మెల్లగా ఒక చుట్టు తిరిగి చూస్తాడు. నీటి అడుగున తెల్లగా కనిపించేది ఇసుక. నల్లని మచ్చలు తరచు పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. గడ్డిలో లంగరు సరిగా దిగదు; పైగా చేపపిల్లలు పెరిగే ఆ గడ్డి పెళ్లగిలిపోతుంది. ఇసుక చూసుకొని, గాలికి ఎదురుగా పడవను ఆపి, లంగరు దించుతాడు. గాలి వెనక్కు నెడుతుంటే గొలుసు కొంచెం కొంచెంగా వదులుతాడు. తరువాత ఇంజను వెనక్కు నడిపి లంగరును దిగలాగుతాడు. ఒడ్డున ఒక రాయినీ, దాని వెనుక ఒక ఇంటినీ ఒకే వరుసలో గురుతు పెట్టుకొంటాడు. ఆ వరుస చెదరకపోతే పట్టు దొరికినట్టే. చెదిరితే లంగరు జారుతున్నదన్నమాట. ఎత్తి మళ్ళీ వేయవలసిందే.

ఈ ఎత్తడమే కష్టం. చుట్టూ పడవలలో పదిమంది చూస్తుంటారు. రెండోసారి, మూడోసారి వేయడం నామోషీగా తోస్తుంది. ఆ నామోషీకి లొంగి భోజనానికి కూర్చొన్నవాని పడవే, అర్ధరాత్రి గాలి విసురుకు జారి, నిద్రపోతున్న పొరుగువాని మీద పడుతుంది. గొలుసులు పెనవేసుకొంటవి. వెనుక రాళ్ళుంటే రెండు పడవలకూ ముప్పే.

అందుచేత పట్టు చిక్కేదాకా మళ్ళీ వేయాలి. చోటు చాలకపోతే వెలుతురుండగానే మరో మూలకు పోవాలి. చీకటి పడగానే తెల్లదీపం పెట్టాలి. గాలి జోరుగా వున్న రాత్రి ఒకరు మేలుకొని గురుతులు చూస్తుండాలి. పొరుగువాడు నిశ్చింతగా నిద్రపోయేది మన లంగరు పట్టును నమ్మేగదా!